ఇచ్చింది తీసుకోవడమేనా, అడగకూడదా?

నేను ఈ హాస్టల్లో ఎనిమిదో తరగతి చదువుతున్నప్పుడు ఎవరో దాతలు మనకు నాలుగు కంప్యూటర్లు ఇస్తున్నారని చెప్పారు. జూన్‌లో వస్తాయన్నారు. సంక్రాంతి సెలవులు అయిపోయాక వచ్చాయి. ఆ రోజు మేం చేసిన సందడి ఇప్పటికీ గుర్తుంది. అయితే నాలుగింటిలో ఒకటి అసలు ఆన్ కాలేదు. ఇంకోదాని కీబోర్డులో 'ఎ' అక్షరం పడదు. ఆ అక్షరం లేకుండా ఇంగ్లీషులో నా పేరు కూడా రాయలేను. ఆ మాటే పైకి అంటే అక్కడున్న ఒక పెద్దాయన నవ్వి, "ఊరికే ఇచ్చినదానికి వంకలు పెట్టకూడదురా" అన్నారు. నేను నోరు మూసుకున్నాను. కొన్నాళ్లకు మిగతా రెండూ మూలబడ్డాయి. వాటి మీద గుడ్డ కప్పారు. మా బ్యాచ్ పదో తరగతి పాసై వెళ్లిపోయేదాకా ఆ గుడ్డ ఎవరూ తీయలేదు.

పెద్దాయన మాట తప్పా ఒప్పా అని చాలా ఏళ్లు తేల్చుకోలేకపోయాను. ఈమధ్య పీజీలో 'విద్యలో సాంకేతికత' అనే అంశం మీద సెమినార్ కోసం చదువుతుంటే ఒక లాప్‌టాప్ కథ కంటపడింది. అది చదివాక నాకు జవాబు దొరికింది. తమ్ముళ్లతో పంచుకుందామని ఈ వ్యాసం రాస్తున్నాను.

అమెరికాలోని ఎంఐటీలో పనిచేసిన నికొలస్ నెగ్రొపాంటే 2005లో ఒక ఆలోచన ప్రకటించారు. పేద దేశాల్లో ప్రతి పిల్లవాడికీ వంద డాలర్లలో లాప్‌టాప్ ఇవ్వాలన్నది ఆ ఆలోచన. 'వన్ లాప్‌టాప్ పర్ చైల్డ్' అనే సంస్థ పుట్టింది. ఎక్స్ఓ అనే చిన్న ఆకుపచ్చ, తెలుపు రంగుల లాప్‌టాప్ తయారైంది. 2007 నవంబరులో తైవాన్‌కు చెందిన క్వాంటా కంపెనీ దాన్ని భారీగా తయారుచేయడం మొదలుపెట్టింది. అప్పటికి ధర వంద డాలర్లు దాటి దాదాపు రెండు వందలకు చేరింది. ప్రభుత్వాల నుంచి అనుకున్నన్ని ఆర్డర్లు రాలేదు. మన దేశ మానవ వనరుల శాఖ కూడా 2006లోనే వద్దంది. మహారాష్ట్రలోని ఖైరాత్ అనే చిన్న పల్లెలో మాత్రం 2007లో ప్రయోగాత్మకంగా వాడి చూశారు.

అప్పుడు ఆ సంస్థ ఒక ఉపాయం చేసింది. 2007 నవంబరు 12 నుంచి ఆ ఏడాది చివరిదాకా అమెరికా, కెనడా ప్రజలకు ఒక అవకాశం ఇచ్చింది. 399 డాలర్లు కడితే రెండు లాప్‌టాప్‌లు. ఒకటి కట్టినవారి ఇంటికి, ఇంకొకటి ఎక్కడో పేద దేశంలోని ఒక పిల్లవాడికి. 'ఒకటి ఇవ్వు, ఒకటి పుచ్చుకో' అన్నమాట. వేలాదిమంది ముందుకు వచ్చారు. క్రిస్మస్‌కి తమ పిల్లల చేతిలో పెట్టవచ్చని చాలామంది ఆశపడ్డారు. కొందరికి వచ్చింది, చాలామందికి రాలేదు. 2008లో నెలలు గడిచినా పెట్టె ఇంటికి చేరనివారు ఎందరో. నాకు రాలేదంటే నాకూ రాలేదని వాళ్లు ఒకరికొకరు రాసుకున్నారు. సంస్థకు రాశారు. పత్రికలవాళ్లకు చెప్పారు.

వచ్చినవాళ్లకు ఇంకో రకం కష్టాలు. మొదట దాన్ని ఎలా తెరవాలో చాలామందికి తెలియలేదు. రెండు పక్కలా కుందేలు చెవుల్లా ఉండే యాంటెన్నాలను ముందు పైకి లేపితేనే మూత తెరుచుకుంటుంది. టచ్‌ప్యాడ్ మీద వేలు పెడితే కర్సర్ ఒకచోట నిలవకుండా గంతులు వేసేది. కీబోర్డు రబ్బరు పొరతో చేసినది. నీళ్లు, దుమ్ము లోపలికి పోవు కానీ కొన్నింటిలో మీటలు నొక్కినవి నొక్కినట్టే ఉండిపోయేవి. మూత వేస్తే నిద్రపోయి బ్యాటరీ ఆదా చేయాల్సిన యంత్రం మొదటి సాఫ్ట్‌వేర్‌తో ఆ పని సరిగా చేసేది కాదు. మెమరీ 256 మెగాబైట్లు, ప్రాసెసర్ వేగం 433 మెగాహెర్ట్జ్. ఒకేసారి నాలుగు పనులు చెబితే నత్తనడక నడిచేది.

దానిలో గొప్పతనం లేదని కాదు. మండుటెండలో కూడా దాని తెర చదవవచ్చు. పిల్లలు కింద పడేసినా తట్టుకునేలా చేశారు. మామూలు స్క్రూడ్రైవర్‌తో విప్పవచ్చు. స్క్రూ పోతే వాడుకోవడానికి అదనపు స్క్రూలు లోపలే అమర్చారు. చేసినవాళ్లు శ్రద్ధగా చేశారనడానికి ఇదే సాక్ష్యం. అయినా లోపాలు వచ్చాయి. ఏ కొత్త యంత్రానికైనా వస్తాయి.

ఇక్కడ మనం గమనించాల్సింది ఆ కొనుగోలుదార్లు ఏం చేశారన్నది. వాళ్లు మొహమాటపడలేదు. కట్టిన డబ్బులో సగం విరాళమే, పిల్లల కోసం ఇచ్చిందే. అయినా "పుణ్యకార్యం కదా, ఎందుకు అడగడం" అనుకోలేదు. ఏ మీట బిగుసుకుంది, ఏ పని చేస్తుండగా ఆగిపోయింది అని వివరంగా చెప్పారు. ఒకరు కనుక్కున్న చిట్కా ఇంకొకరికి చెప్పారు. కీబోర్డు నాలుగు మూలల్లోని మీటలు నాలుగూ ఒకేసారి నొక్కితే గంతులేసే కర్సర్ మళ్లీ దారిలో పడుతుందన్న సంగతి అలా నోటినోటా పాకింది. తర్వాత వచ్చిన సాఫ్ట్‌వేర్లలో కొన్ని లోపాలు తగ్గాయి.

ఇప్పుడు నా ప్రశ్న. ఆ రెండో లాప్‌టాప్ సంగతేమిటి? పేద దేశానికి వెళ్లిన యంత్రం కూడా అదే ఫ్యాక్టరీలో తయారైంది. దాని టచ్‌ప్యాడ్ కూడా అదే, రబ్బరు మీటలు కూడా అవే. 399 డాలర్లు కట్టినాయన ఇంట్లో మీట బిగుసుకుంటే అది ఫిర్యాదు. తట్టెడు దుమ్ములో కూర్చుని చదువుకునే పిల్లవాడి యంత్రంలో అదే మీట బిగుసుకుని వాడు నోరు తెరిస్తే అది వంక పెట్టడం అవుతుందా? లోపం ఒక్కటే అయినప్పుడు అడిగే హక్కు మాత్రం ఒకరికి ఉండి ఇంకొకరికి ఎందుకు ఉండకూడదు? నా చిన్నప్పటి 'ఎ' అక్షరం నాకు అప్పుడు గుర్తొచ్చింది.

అడగడం నేర్పినచోట ఏం జరిగిందో కూడా చూద్దాం. నైజీరియాలో ఈ లాప్‌టాప్‌లు ప్రయోగాత్మకంగా ఇచ్చిన ఒక బడిలో పిల్లలే లాప్‌టాప్ ఆసుపత్రి పెట్టుకున్నారు. జబ్బుపడ్డ యంత్రాన్ని అక్కడికి తెస్తే విప్పి బాగుచేసేవారు. ఉరుగ్వే దేశం 2007లో 'ప్లాన్ సెయిబల్' మొదలుపెట్టి, 2009 నాటికి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల పిల్లలందరికీ లాప్‌టాప్ ఇచ్చింది. పంచి చేతులు దులుపుకోకుండా ఇంటర్నెట్, మరమ్మతు, టీచర్ల శిక్షణ కూడా ఆ పథకంలో భాగం చేసింది. మరోవైపు పెరూ ఎనిమిది లక్షలకు పైగా లాప్‌టాప్‌లు కొన్నది. ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు 319 గ్రామీణ బడులను పరిశీలించి 2012లో ఇచ్చిన నివేదిక ప్రకారం, అక్కడి పిల్లల లెక్కల్లో, భాషలో చెప్పుకోదగ్గ మెరుగుదల కనిపించలేదు. ఆ బడుల్లో దాదాపు ఎక్కడా ఇంటర్నెట్ కూడా లేదు. పెట్టెలు లెక్కపెట్టి పంచినంత మాత్రాన చదువు రాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

అంత దూరం ఎందుకు? మన దగ్గరి ఉదాహరణే ఉంది. 2011 అక్టోబరు 5న అప్పటి కేంద్ర మంత్రి కపిల్ సిబల్ 'ఆకాశ్' ట్యాబ్లెట్‌ను విడుదల చేశారు. విద్యార్థుల కోసం ప్రపంచంలోనే అతి చవకైన ట్యాబ్లెట్ అన్నారు. డేటావిండ్ కంపెనీ దాన్ని మన హైదరాబాద్‌లోనే బిగింపజేసింది. దాని అమ్మకపు రకం కోసం లక్షలమంది పేర్లు నమోదు చేసుకున్నారు. చాలామంది నెలల తరబడి ఎదురుచూశారు. చేతికి వచ్చినవాళ్లు తెర గట్టిగా నొక్కితే తప్ప పనిచేయడం లేదని, బ్యాటరీ త్వరగా అయిపోతోందని, చాలా నెమ్మదిగా ఉందని చెప్పారు. విమర్శలు గట్టిగా వచ్చాయి. 2012 నవంబరు 11న వచ్చిన ఆకాశ్-2లో ప్రాసెసర్ వేగం 366 మెగాహెర్ట్జ్ నుంచి 1 గిగాహెర్ట్జ్‌కు, మెమరీ 256 నుంచి 512 మెగాబైట్లకు పెరిగింది. తెర వేలితో తాకితే పనిచేసే రకానికి మారింది. మొదటిది తీసుకున్నవాళ్లంతా "చవకగా వచ్చింది కదా" అని ఊరుకుని ఉంటే ఈ మార్పు అంత త్వరగా వచ్చేదా?

"ప్రభుత్వం దగ్గర, దాతల దగ్గర డబ్బు తక్కువ. ఇలా లోపాలు వెదికితే వచ్చే సాయం కూడా ఆగిపోతుంది" అని కొందరు అంటారు. ఈ మాటను నేను తేలిగ్గా తీసివేయను. మనకు భయం ఉండటానికి కారణం కూడా ఇదే. మా నాన్న ఏ ఆఫీసుకు వెళ్లినా చేతులు కట్టుకునే నిలబడేవాడు. అడిగితే ఉన్నదీ పోతుందని ఆయన నమ్మకం. కానీ పాడైన యంత్రం గుడ్డ కింద ఉంటే దాత డబ్బు వృథా అయినట్టే కదా. ఆ సంగతి ఆయనకు చెప్పకపోవడమే ఆయనకు మనం చేసే అన్యాయం. ఇచ్చినవారికి కృతజ్ఞత చూపడం అంటే ఇచ్చినదాన్ని పనిచేయించుకోవడం. ఇక ప్రభుత్వం ఇచ్చేది దానం కాదు. అది ప్రజల సొమ్ము. మా అమ్మ కొనే సబ్బు బిళ్ల మీద కట్టే పన్ను కూడా అందులో ఉంది.

చట్టం కూడా మన పక్షానే ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం వస్తువు కొన్నవాడే కాదు, కొన్నవారి అనుమతితో దాన్ని వాడుకునేవాడు కూడా వినియోగదారుడే. సమాచార హక్కు చట్టం, 2005 ప్రకారం ఒక పథకం కింద వస్తువులు ఎన్ని వచ్చాయి, వారంటీ ఎంతకాలం, మరమ్మతు బాధ్యత ఎవరిది అని దరఖాస్తు పెట్టి అడగవచ్చు. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు రుసుము కట్టనక్కర్లేదు.

అలాగని ప్రతిదానికీ గొడవ చేయమని నేను చెప్పడం లేదు. ఊరికే సణగడం వేరు, అడగడం వేరు. "ట్యాబ్ బాగాలేదు సార్" అంటే ఎవరూ ఏమీ చేయలేరు. "ఈ నంబరు ట్యాబ్, ఫలానా తేదీ నుంచి, పూర్తిగా చార్జింగ్ పెట్టినా నలభై నిమిషాల్లో ఆగిపోతోంది" అని రాసిస్తే దాన్ని తప్పించుకోవడం కష్టం. ఎక్స్ఓ కొన్నవాళ్లు చేసింది ఇదే. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇవ్వడం మొదలైంది. తమిళనాడులో 2011లోనే లాప్‌టాప్‌లు ఇచ్చారు. ఇలాంటివి ఇంకా వస్తాయి. వచ్చేలోపు మనం సిద్ధంగా ఉండాలి.

అందుకే వార్షికోత్సవం సందర్భంగా మన హాస్టల్‌కు నాలుగు సూచనలు చేస్తున్నాను. ఒకటి, స్టడీ అవర్ గదిలో ఒక రిజిస్టరు పెట్టాలి. వచ్చిన ప్రతి యంత్రం నంబరు, వచ్చిన తేదీ, వారంటీ ముగిసే తేదీ అందులో రాయాలి. రెండు, వస్తువు వచ్చిన వారంలోగా ప్రతిదాన్నీ ఆన్ చేసి, ప్రతి మీటా నొక్కి చూడాలి. వారంటీ ఉండగా చెబితే ఉచితంగా బాగుచేస్తారు, ఏడాది తర్వాత చెబితే బిల్లు అడుగుతారు. మూడు, తొమ్మిది, పది తరగతుల నుంచి నలుగురు తమ్ముళ్లు మరమ్మతు జట్టుగా ఉండాలి. నైజీరియా పిల్లలు చేయగలిగింది మనం చేయలేమా? నాలుగు, ఫిర్యాదు రాసిన కాగితానికి నకలు ఉంచుకుని, అందినట్టు సంతకం తీసుకోవాలి. వార్డెన్ సార్లకు కూడా ఇది మేలే. పైఅధికారులకు చూపించడానికి వారి చేతిలో ఆధారం ఉంటుంది.

ఈ అలవాటు కంప్యూటర్లతోనే ఆగదు. చలి తగ్గాక వచ్చే దుప్పట్లకు, బడి తెరిచిన ఎన్నో నెలలకు వచ్చే నోటుపుస్తకాలకు, నెలలు దాటే కాస్మెటిక్ చార్జీలకు కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది. మహద్ చెరువు నీళ్లు అందరూ వాడుకోవచ్చని కాగితం మీద రాసి ఉన్నా ఎవరూ తాగనివ్వలేదు. 1927లో బాబాసాహెబ్ అంబేడ్కర్ వేలమందితో వెళ్లి ఆ నీళ్లు తాగి చూపించారు. కాగితం మీది హక్కు మన చేతికి రావాలంటే మనమే ముందడుగు వేయాలని ఆయన మనకు నేర్పారు.

చివరగా నా సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. నా పీజీ ప్రవేశ పరీక్ష కంప్యూటర్ మీద జరిగింది. జవాబులు తెలుసు, కానీ మౌస్ పట్టుకున్న చెయ్యి వణికింది. చివర్లో చాలా ప్రశ్నలు వదిలేశాను. అనుకున్న యూనివర్సిటీలో సీటు రాలేదు, వేరేచోట చేరాను. ఎనిమిదో తరగతిలో ఆ 'ఎ' అక్షరం గురించి నేను ఇంకోసారి, ఇంకొంచెం గట్టిగా, ఒక కాగితం మీద రాసి అడిగి ఉంటే నాతోపాటు నా వెనక వచ్చిన తమ్ముళ్లు కూడా నేర్చుకునేవారేమో. ఆ తప్పులో నా వంతు నాది. మీరు ఆ తప్పు చేయకండి.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. అడుగుదాం. మర్యాదగా అడుగుదాం, రాసి అడుగుదాం, అందరం కలిసి అడుగుదాం.