ఐదింట ఒక వంతు

1907లో స్థాపితమైన టాటా సంస్థ తన ఉక్కు కర్మాగారానికి సువర్ణరేఖ, ఖర్కాయీ నదులు కలిసే చోటును ఎంచుకొన్నది. జంషెడ్‌పూర్‌కు ఆ నీరే జీవనం. వానకాలంలో బాగ్‌బేడా, మాంగోలలోని పల్లపు వాడలకు ఆ నీరే భయం. ఇంట నీరు నిలిస్తే చిల్లర దుకాణదారుకు సరుకూ, కూలివానికి రోజు బత్తెమూ పోతాయి.

2021-26 సంవత్సరాలకు 15వ ఆర్థిక సంఘం రాష్ట్రాల విపత్తు నిధులకు 1,60,153 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. అందులో 80 శాతం ప్రధానంగా ఆపద వచ్చిన తరువాత చేసే సహాయానికి. 20 శాతం ఆపద రాకముందే నష్టాన్ని తగ్గించే స్థానికమైన పనులకు. జార్ఖండ్ వంటి రాష్ట్రాలలో ఈ ధనంలో నాలుగింట మూడు వంతులు కేంద్రానివే.

ఈ రెండవ పద్దు పేరు మిటిగేషన్. అనువాదకుడిగా దీనికి 'ఉపశమనం' అని వ్రాయవచ్చును. కాని ఏటి ఒడ్డున కాపురమున్న వానికి 'ముందుచూపు' అంటేనే బోధపడుతుంది. సహాయపు బియ్యం పదిమంది ఎదుట పంచుతారు. మురుగుకాలువ బాగుచేస్తే, వరద హెచ్చరిక సకాలంలో చేరితే చూడవచ్చేవారుండరు. ఇల్లు కాలుతుండగా బావి త్రవ్వబోయిన వాని సామెత మనకు క్రొత్తది కాదు. మీ ఊరిలో ఆ ఐదింట ఒక వంతు దేనికి వెచ్చించారో ఒకసారి అడిగి చూడండి.