పర్రను ఖాళీ అనకండి

ఇలకూర పప్పు వండిన రోజు మా అమ్మ ఉప్పు డబ్బా ముట్టేది కాదు. పర్రలో దొరికే ఆ కూరను ఉడకబెట్టి, నీళ్ళు వార్చి, పిడికిట్లో గట్టిగా పిండేది. ఒక్కోసారి రెండు వాయిలు. అయినా ఎంతో కొంత ఉప్పదనం మిగిలేది. నాలుగు ఎండు రొయ్యలు పడితే ఆ పూట ఇంకో కూర వెతుక్కోం. ఎండలు ముదిరి మొక్క ఎర్రబడిందంటే మాత్రం, ‘ఇక వద్దులే’ అనేది.

మాది తాళ్ళరేవు వైపు. కోరింగ మడ అడవిని 1978లో అభయారణ్యం చేశారు, ఇప్పుడు చెక్క వంతెన మీద నడుస్తూ ఫొటోలు దిగడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారు. సంతోషమే. మడ వెనకాల ఉండే పర్రకు మాత్రం ఆ యోగం లేదు. పెద్ద పోటుకు తడిసి, తక్కిన రోజుల్లో ఎండి, తెల్లగా ఉప్పు పూసే నేల అది. కొత్తవాళ్ళ కంటికి బీడు.

కొన్నేళ్ళ కిందట అక్కడ మొక్కలు నాటే పండగ పెట్టారు. ముందురోజే జేసీబీ వచ్చి ‘పిచ్చిమొక్కలు’ చదును చేసింది. ఇలకూర పోయింది. నేల మీద పాకుతూ గులాబీ చుక్కల్లా పూసే వంగరెడ్డి కూరా పోయింది. వాటి చోట గుల్‌మొహర్, నేరేడు మొక్కలు, చుట్టూ వెదురు తడికెలు. వానలున్నన్నాళ్ళు బతికాయి. సంక్రాంతికి ఆకుల అంచులు మాడాయి. ఉగాదికి తడికెలే మిగిలాయి.

చెట్టంటే నిలువుగా ఉండాలి, నీడనివ్వాలి అన్నదే మన లెక్క. పర్ర మొక్కల లెక్క వేరు. నల్లమడ తాగిన ఉప్పును ఆకు మీదికి తోసేస్తుంది. నాలుక పెట్టి చూడండి, తెలుస్తుంది. ఇలకూరకు ఆ విద్య రాదు. ఉప్పును ఆకులోనే దాచుకుని, దానికి తగ్గ నీరు పట్టి ఉంచుతుంది. వేలెడు పొడవు లేని ఆకుకు అంత కండ అందుకే. నర్సరీ మొక్కకు ఈ రెండూ ఎవరు నేర్పుతారు?

చట్టానికి ఈ సంగతి తెలియక కాదు. 2011 నాటి తీర నియంత్రణ నోటిఫికేషన్ మడ అడవులతో పాటు ఉప్పు పర్రలనూ గట్టి రక్షణ ఉండాల్సిన జాబితాలోనే చేర్చింది. ‘ఖాళీగా ఉంది కదా’ అన్న ఒక్క మాట ముందు అది నిలవడం లేదు. రొయ్యల చెరువు తవ్వేవాడూ అదే అంటాడు, మొక్క నాటేవాడూ అదే అంటాడు. రెండోవాడి మీదే నాకు కోపమెక్కువ, చప్పట్లు కొట్టించుకుని మరీ పాడుచేస్తాడు కాబట్టి. గొయ్యి తవ్వే ముందు అక్కడ కూరాకు ఏరుకునే ఆడవాళ్ళను పిలిచి, ఏ మొక్క పేరేమిటో రాసుకుంటే ఒక పూట పని. ఖర్చు టీ నీళ్ళు.

మొన్న శీతాకాలం అటు వెళ్ళాను. గుల్‌మొహర్ చచ్చిన గోతుల్లో తేమ నిలిచి, ఇలకూర ఒత్తుగా లేచింది. కొంగు నిండా కోసుకొచ్చాను. మా కోడలు అలవాటు కొద్దీ పప్పులో ఉప్పు వేసేసింది.