క్షమించే హక్కు ఎవరిది?

2007లో వచ్చిన కొరియన్ సినిమా 'సీక్రెట్ సన్‌షైన్' చూశారా? చూడకపోతే ముందే చెప్తున్నా, ఇక్కడ కథంతా చెప్పేస్తున్నాను. భర్త పోయాక షినే అనే ఆవిడ చిన్న కొడుకుని వెంటబెట్టుకుని, భర్త పుట్టిన ఊరు మిర్యాంగ్‌కి వస్తుంది. పిల్లాడికి పాఠాలు చెప్పే మాస్టారే డబ్బు కోసం వాణ్ని ఎత్తుకుపోయి చంపేస్తాడు. ఏడ్చి ఏడ్చి ఆవిడ చర్చికి చేరుతుంది. కాస్త తెరిపిన పడ్డాక, హంతకుణ్ని క్షమించానని ముఖాముఖి చెప్పడానికి పూలు పట్టుకుని జైలుకి వెళ్తుంది. వాడు నిండా అన్నం తిన్నవాడిలా ప్రశాంతంగా ఉంటాడు. దేవుడు తనని ఎప్పుడో క్షమించేశాడంటాడు. ఆవిడ బయటికొచ్చి కుప్పకూలిపోతుంది.

షినేగా వేసిన జియోన్ దో-యోన్‌కి ఆ ఏడు కాన్స్‌లో ఉత్తమ నటి అవార్డు వచ్చింది. ఆ జైలు సీను చూస్తే ఎందుకో తెలుస్తుంది. తనకి రావాల్సిన బాకీకి, తనని అడక్కుండా, ఇంకెవరో చెల్లు రాసేసినట్టు ఉంటుంది ఆవిడ మొహం.

క్రైస్తవంలో క్షమ అంటే బాకీ రద్దే. చేసిన పనికి తగ్గట్టు కాదు, దయ వల్ల దొరుకుతుంది. ఆ మాటలో గొప్పతనం నాకు తెలుసు. కానీ మత్తయి సువార్తలోనే ఇంకో మాట కూడా ఉంది. బలిపీఠం దగ్గర కానుక ఇవ్వబోతూ, నీ సోదరుడికి నీ మీద ఏదో ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి ముందు వెళ్లి అతనితో సమాధానపడమని. ఆ ఖైదీ ఈ పేజీ దాటేశాడు. తప్పు ఆ మతానిది కాదు, తనకి అనుకూలమైనంత వరకే చదువుకున్నవాడిది.

ఇది చూశాక 2003 నాటి ఇంకో కొరియన్ సినిమా గుర్తొచ్చింది, 'స్ప్రింగ్, సమ్మర్, ఫాల్, వింటర్ అండ్ స్ప్రింగ్'. భార్యని చంపి, చెరువు మధ్య గుడికి పారిపోయి వస్తాడు శిష్యుడు. ముసలి గురువు క్షమించాననడు. కర్రతో బాదుతాడు. చెక్క నేల మీద ప్రజ్ఞాపారమిత హృదయ సూత్రం రాసి, చంపిన ఆ కత్తితోనే చెక్కమంటాడు. తెల్లారాక పోలీసులతో పంపేస్తాడు. బౌద్ధంలో కర్మని ఎవరూ కొట్టేయలేరు. అంగుళిమాలుడి కథ తెలుసుగా? బుద్ధుడు సంఘంలో చేర్చుకున్నాక కూడా భిక్షకి వెళ్తే జనం రాళ్లేశారు. నెత్తురోడుతూ వస్తే, ఓర్చుకో, నువ్వు చేసిందే నీకొచ్చిందన్నాడు బుద్ధుడు. బాధపడ్డవాళ్లని కోపం వదిలేయమంటుంది ఆ మార్గం. అది వాళ్ల మనసు తేలికపడ్డానికి, చేసినవాడి లెక్క తేల్చడానికి కాదు.

నాకు ఇదే నచ్చింది. అయితే అక్కడా ఒక లోటుంది. చచ్చిపోయిన ఆ భార్య వైపు కథ మనకి చూపించరు! వాడి తపస్సే కథంతా.

మన ఇళ్లల్లోనూ అంతే కదండీ. ఏళ్ల తరబడి భార్యని చితకబాదిన ఒక పెద్దాయన్ని ఎరుగుదును. ఇప్పుడు గుడీ, భజనా, నుదుటిన విభూది. ఎంత మారిపోయాడో అని అందరూ మురిసిపోతారు. "ఇంకా మనసులో పెట్టుకుంటావేంటమ్మా" అని ఆవిడనే మందలిస్తారు. ఆయన ఒక్కసారైనా ఆవిడ ఎదురుగా కూర్చుని, తప్పు చేశాననలేదు. మారడం మంచిదే, కాదనను. కానీ చెల్లు రాయాల్సింది ఆవిడ.

'సీక్రెట్ సన్‌షైన్' చివర్లో షినే సెలూన్‌కి వెళ్తే, జుట్టు కత్తిరించే అమ్మాయి ఆ హంతకుడి కూతురే. సగంలో లేచి వచ్చేస్తుంది. ఆ పిల్లని తిట్టదు, దగ్గరికీ తీసుకోదు. ఇంటి వాకిట్లో కూర్చుని, తెలిసినాయన అద్దం పట్టుకుంటే, మిగతా జుట్టు తనే కత్తిరించుకుంటుంది.