డిగ్రీ చదివి హోటల్లోనా?

"మా అబ్బాయి బి.కాం. పాసయ్యాడు. హోటల్లో చేరతానంటున్నాడు. ప్లేట్లు మోయడానికా ఇంత చదివించింది?" అని ఒక తల్లిగారు వ్రాశారు.

సహోదరీ, మోహన్ సింగ్ ఒబెరాయ్ గారు 1922లో సిమ్లాలోని సెసిల్ హోటల్లో గుమాస్తాగా చేరారు. జీతం నెలకు 50 రూపాయలు. 1934లో అదే ఊళ్లో క్లార్క్స్ హోటలుకు యజమాని అయ్యారు. అందరూ అంతవారవుతారని కాదు గాని, మొదటి మెట్టు చూసి సిగ్గుపడనక్కరలేదు.

పెద్ద హోటల్లో వంటశాల, వడ్డన, గదుల శుభ్రత, ఫ్రంట్ ఆఫీసు అని ముఖ్యంగా నాలుగు విభాగాలుంటాయి. వంటశాలలో కమీగా చేరినవాడు ముందు ఉల్లిపాయలు తరగాలి. షెఫ్ కావడానికి ఏళ్లు పడుతుంది. బి.కాం. చదివినవారికి ఫ్రంట్ ఆఫీసు, లెక్కల విభాగం దగ్గరి దారులు. వంట నేర్వాలనుంటే హైదరాబాదు విద్యానగర్‌లో కేంద్ర పర్యాటక శాఖ కింద నడిచే హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థ ఉంది, అక్కడ విచారించండి.

నా బెంగ ప్లేట్ల గురించి కాదు. ఆదివారాలు, క్రిస్మస్, కొత్త సంవత్సరం హోటలుకు ఊపిరాడని రోజులు. సరిగ్గా ఆరాధన వేళకే డ్యూటీ పడవచ్చు. వారానికొక సెలవు ఉన్నా, అది ఏ రోజో అబ్బాయి చేతిలో ఉండదు. చేరకముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవలసింది ఈ సంగతి. ఇంటర్వ్యూలో కూడా సెలవు రోజు గురించి అడగమనండి, అడిగితే తప్పుపట్టరు.