వెర్షన్ నంబరు సాక్ష్యం కాదు

కంపైలర్ మార్చగానే ఒక్కోసారి సిస్టమ్ హెడర్లలో టైపుల నిర్వచనాలు ఢీకొంటాయి. చాలామంది ప్రోగ్రామర్లు చెప్పే మందు ఒకటే: "వెర్షన్ చూసి షరతు పెట్టు. పాతదైతే టైప్‌డెఫ్ మనమే ఇద్దాం, కొత్తదైతే వదిలేద్దాం." ఆ పూటకు బిల్డ్ గట్టెక్కుతుంది కాబట్టి ఇదే సరైన పద్ధతిగా చలామణి అవుతోంది. నిజానికి చాలాసార్లు రేపటి గొడవకు విత్తనం ఆ షరతే.

సీ లైబ్రరీ అయిన జీలిబ్‌సీ సంగతే చూడండి. ఫ్లోట్32 వంటి టైపులను జీసీసీ కంపైలర్ 7వ వెర్షన్ సీ భాషకు ఇచ్చింది, సీ ప్లస్ ప్లస్‌కు ఇవ్వలేదు. 2018లో వచ్చిన జీలిబ్‌సీ 2.27 హెడర్లు, కంపైలర్ జీసీసీ 7 కంటే పాతదైనా, భాష సీ ప్లస్ ప్లస్ అయినా ఆ పేర్లను తామే నిర్వచించాయి. 2023లో జీసీసీ 13 ఆ టైపులను సీ ప్లస్ ప్లస్‌కూ ఇచ్చింది. దాంతో కంపైలర్ సొంత టైపు పేరుకే హెడర్ మళ్లీ టైప్‌డెఫ్ రాసినట్టయింది. జీలిబ్‌సీ 2.37లో షరతు సవరించారు. పాత హెడర్లున్న యంత్రాల కోసం మాత్రం జీసీసీయే, హెడర్లను సరిచేసే ఫిక్స్‌ఇన్‌క్లూడ్స్ అనే పనిముట్టుతో, వాటి ప్రతులను దిద్దుకోవాల్సి వచ్చింది. "ఇప్పుడు లేదు" అన్న మాటను "ఎప్పటికీ ఉండదు" అని రాసినందుకు చెల్లించిన మూల్యమిది.

క్లాంగ్ అనే మరో కంపైలర్‌ది ఇంకో విడ్డూరం. జీసీసీ వెర్షన్ చెప్పే మాక్రోలను అడిగితే అది తనను 4.2.1 అని చెప్పుకుంటుంది. అది 2007 నాటి జీసీసీ నంబరు. కొత్త టైపులు ఎన్ని నేర్చినా జవాబు మారదు. ఈత వచ్చా అని అడగాల్సిన చోట వయసెంత అని అడిగితే వచ్చే సమాధానం ఇలాగే ఉంటుంది.

"హెడర్ తానుగా పరీక్ష ప్రోగ్రాం నడిపి చూసుకోలేదు కదా" అని వాదిస్తారు. నిజమే, నడపలేదు. అందుకే టైపు ఉందో లేదో కంపైలరే చెప్పాలి. దానికి దారి కూడా ఉంది. సైజాఫ్ ఇంట్128 మాక్రో కనిపిస్తే 128 బిట్ల పూర్ణాంకం ఉన్నట్టే. అది జీసీసీయా, క్లాంగా, ఎన్నో వెర్షన్ అన్న ఆరాలు అక్కర్లేదు.

ఫలానా వెర్షన్‌లోని బగ్‌ను తప్పించుకోవడానికి నంబరు చూడటం సబబే, ఎందుకంటే ఆ బగ్ జరిగిపోయిన విషయం. రాబోయే కంపైలర్ ఏం ఇస్తుందో ఇవాళ రాసిన నంబరు చెప్పలేదు. కాబట్టి కొత్త టైపు ఇచ్చేవారు దాని ఉనికిని చెప్పే మాక్రో కూడా ఇవ్వాలి. కోడ్ రివ్యూ చేసేవారు వెర్షన్ షరతు కనిపించగానే "ఇది ఏ బగ్ కోసం?" అని అడగాలి. జవాబు లేకపోతే ఆ మార్పును వెనక్కి పంపాలి.