యాప్‌ ఒక్కటే చాలదని చాటిన ప్లే స్టోర్‌ వివాదం

బిల్లింగ్‌ నిబంధనలు పాటించలేదంటూ గూగుల్‌ 2024 మార్చి 1న నౌకరీ, భారత్‌ మ్యాట్రిమోనీ తదితర దేశీయ సంస్థల యాప్‌లను ప్లే స్టోర్‌ నుంచి తొలగించింది. కేంద్రమంత్రి అశ్వినీ వైష్ణవ్‌ జోక్యం చేసుకున్నాక కొద్ది రోజులకే అవి తిరిగి వచ్చాయి. ఈలోగా కొత్త వినియోగదారులకు ఆ సంస్థల వెబ్‌సైట్లే దిక్కయ్యాయి.

సొంత యాప్‌కు ఆకర్షణ లేకపోలేదు. కెమెరా, లొకేషన్‌, నోటిఫికేషన్ల వినియోగంలో దానిదే పైచేయి. నెట్‌ లేకున్నా కొంత పని సాగుతుంది. మింత్రా 2015 మే నెలలో వెబ్‌సైట్‌ను మూసివేసి యాప్‌కే పరిమితమైంది. ఏడాది తిరిగేసరికి, 2016 జూన్‌లో, దాన్ని మళ్లీ తెరవక తప్పలేదు. విచిత్రమేమంటే, దాని మాతృసంస్థ ఫ్లిప్‌కార్ట్‌ 2015 నవంబరులోనే బ్రౌజర్‌లో యాప్‌ మాదిరిగా నడిచే ‘ఫ్లిప్‌కార్ట్‌ లైట్‌’ను తెచ్చింది. దీనికి స్టోర్‌ అనుమతి అక్కరలేదు, ఫోన్‌లో పెద్దగా చోటూ అక్కరలేదు. సర్వర్‌లో చేసిన మార్పు వెంటనే అందరికీ చేరుతుంది.

అలాగని వెబ్‌ పూర్తిగా స్వేచ్ఛామార్గమూ కాదు. ప్రధాన బ్రౌజర్లను రూపొందించేదీ స్టోర్లు నడిపే కంపెనీలే. ఐఫోన్‌లో వెబ్‌ యాప్‌లు నోటిఫికేషన్లు పంపే వీలును యాపిల్‌ 2023లో గానీ కల్పించలేదు. అయినా చందాలపై ఆధారపడే చిన్న సంస్థ తొలి పెట్టుబడిని వెబ్‌సైట్‌పైనే పెట్టడం మేలు. కనీసం ఖాతాదారుల వివరాలు, చెల్లింపులు దాని చేతిలోనే ఉంటాయి.