హాల్లో కన్నీళ్లు, ఇంట్లో పంతాలు

సినిమాకు వెళ్లి ఏడ్చేవారిని చూసి నవ్వడం చదువుకున్నవారిలో కొందరికి అలవాటు. బొమ్మ చూసి కన్నీళ్లేమిటని వారి ప్రశ్న. నటీనటులు కళ్లకు గ్లిజరిన్ పెట్టుకుంటారన్న సంగతి మాకవరపాలెం మండలంలో నాట్లు వేసే ఆడకూలీకి కూడా తెలుసు. తెలిసే ఏడుస్తుంది. అందుచేత పల్లె ప్రేక్షకుల కన్నీటిని అమాయకత్వం కింద జమకట్టడం సరికాదు. అయితే అడగవలసిన ప్రశ్న వేరే ఒకటి ఉంది. హాల్లో ఎవరి కష్టానికి కరిగిపోయారో, అటువంటి కష్టమే ఇంటి గుమ్మంలోకి వస్తే ఆ కన్నీళ్లు ఎక్కడికి పోతున్నాయి?

'రక్తసంబంధం' చిత్రాన్నే తీసుకోవచ్చు. 1962లో వి. మధుసూదనరావు దర్శకత్వంలో వచ్చింది. అంతకు ముందు ఏడాది తమిళంలో వచ్చిన 'పాశమలర్'కు అది తెలుగు రూపం. అన్నగా ఎన్.టి. రామారావు, చెల్లెలుగా సావిత్రి. అదే ఏడాది 'గుండమ్మ కథ'లో భార్యాభర్తలుగా నవ్వించిన ఇద్దరూ ఇందులో అన్నాచెల్లెళ్లుగా ఏడ్పించారు, జనం ఏడ్చారు కూడా. ఒకరంటే ఒకరికి ప్రాణం. పెళ్లయ్యాక అత్తవారి వైపు మాటలు చేరి, ఆస్తి ప్రస్తావన వచ్చి, ఇళ్లు విడిపోతాయి. చివరకు ఇద్దరూ ఒకేచోట కన్నుమూస్తారు.

ఆ సినిమా పేరెత్తితే పాతతరం మగవారికి ఇప్పటికీ గొంతు బరువెక్కుతుంది. అన్నంటే అలా ఉండాలి, చెల్లెలంటే అలా ఉండాలి అంటారు. అన్న నోటితోనే, తండ్రి పోయిన ఏడాది తిరగకుండా, "పెళ్లికి పెట్టిందే ఎక్కువ, ఇంకా వాటా ఏమిటి?" అని చెల్లెలిని గడప దగ్గరే నిలబెట్టిన ఇళ్లు లేకపోలేదు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చిన సవరణ ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నుంచే అమలులోకి వచ్చింది. అప్పటికే పెళ్లయిన వారికి అది వర్తించలేదు. 2005లో కేంద్రం చేసిన సవరణ ఆ తేడాను తీసివేసింది. చట్టం సంగతి అలా ఉండగా, సంతకం కోసం ఆడపడుచును పిలిపించడం, ఒక చీర పెట్టి సాగనంపడం ఊళ్లలో జరుగుతున్న పనే. సంతకం పెట్టనంటే ఆ ఇంటితో రాకపోకలు బంద్. భూమి కావాలో పుట్టిల్లు కావాలో తేల్చుకోమంటారు. ఎకరం ధర పెరిగినకొద్దీ ఈ తేల్చుకోమనడం కూడా పెరుగుతుంది.

తెర మీద చెల్లెలు ఏమీ అడగదు. అడగని చెల్లెలి కోసం ఏడవడం సుళువు.

ప్రేమకథల సంగతీ ఇంతే. 1953 నాటి 'దేవదాసు' ఆఖరి ఘట్టంలో అక్కినేని నాగేశ్వరరావు పార్వతి ఇంటి ముందు ప్రాణం విడుస్తుంటే, ఆమె పరుగెత్తుకు వచ్చేసరికి తలుపులు మూసేస్తారు. ఆ తలుపులు మూసిన వారిని హాలంతా తిట్టుకుంది. దేవదాసును తాగుడు చంపిందని పైకి చెప్పుకున్నా, మొదట చంపింది అంతస్తు కుదరదన్న తండ్రి మాట. 1978లో కె. బాలచందర్ 'మరోచరిత్ర'ను విశాఖ సముద్రతీరంలోనే తీశారు. తమిళ అబ్బాయి, తెలుగు అమ్మాయి. ఏడాది పాటు ఒకరినొకరు చూడకుండా ఉంటే అప్పుడు చూద్దామని పెద్దల షరతు. గడువు పూర్తయినా ఆ జంటకు బతుకు మిగలలేదు. అనకాపల్లి ప్రాంతమంతా అప్పుడు విశాఖ జిల్లాలోనిదే గనుక, తమ ఊరి సినిమా అన్నట్టు జనం చూశారు, కళ్లు తుడుచుకున్నారు. వారిలో తల్లిదండ్రులూ ఉన్నారు. కులం కాని సంబంధం తమ ఇంట్లో తలెత్తితే ఎందరు తలుపు తెరిచారో వారికే తెలియాలి.

ఆడవారి ఏడుపు సంగతి కొంచెం వేరు. 1970, 80 దశకాల్లో మ్యాట్నీకి నేల టిక్కెట్టు కొని కూర్చున్న ఇల్లాళ్లే ఏడుపు సినిమాలకు పెట్టని కోట. మొగుడు ఎన్ని బాధలు పెట్టినా నోరెత్తని భార్యను తెర మీద దేవతను చేసి చూపించడం ఆ సినిమాల్లో పెద్ద లోపం, అందులో సందేహం లేదు. ఓర్చుకోవడమే గొప్ప అని నూరిపోశాయి. అయినా అక్కడ ఏడ్చిన ఆడదాన్ని తప్పు పట్టలేము. ఇంట్లో ఏడిస్తే శకునం కాదని అత్త గదమాయిస్తుంది. పొలంలో ఏడవడానికి తీరిక ఉండదు. చీకట్లో మూడు గంటలు, పక్కన అదే పనిలో ఉన్న మరో పదిమంది. అంతకంటే చవకగా ఆ రోజుల్లో ఆమెకు మరేం దొరికింది? 1993లో వచ్చిన 'మాతృదేవోభవ'లో భర్తను పోగొట్టుకుని, రోగంతో రోజులు లెక్కపెట్టుకుంటూ పిల్లలను ఒక్కొక్కరినీ ఒక్కో ఇంటికి అప్పగించే తల్లిని చూసి ఏడవని ఆడది లేదంటే అతిశయోక్తి కాదు. అందులోని పాటకు వేటూరి సుందరరామమూర్తికి జాతీయ అవార్డు వచ్చింది. తాము పోతే పిల్లలను చూసేదెవరన్న దిగులు ఏ తల్లికైనా ఉన్నదే.

సినిమాకు ముందు ఈ పని నాటకం చేసేది. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి హరిశ్చంద్ర నాటకం ఊరి మధ్య పందిట్లో ఆడుతుంటే కాటిసీను వచ్చేసరికి తెల్లవారుజాము అయ్యేది. నిద్రపోతున్న పిల్లలను లేపి మరీ చూపించేవారు. పాము కరిచిన కొడుకును తెచ్చిన తల్లిని, కాటికాపరిగా ఉన్న తండ్రే సుంకం అడుగుతాడు. గుర్రం జాషువా శ్మశానవాటి పద్యాలను కూడా నటులు ఆ సీనులో కలిపి పాడేవారు. ఒకసారి పాడితే వన్స్‌మోర్. అక్కడ మునసబు, పాలికాపు, గట్టు తగవుల వాళ్లు అందరూ ఒకే పందిట్లో ఉండేవారు. ఎవరి కళ్లు తడిశాయో పక్కవాడికి తెలిసిపోయేది. హాలు వచ్చాక చీకటి వచ్చింది. ఎవడి కన్నీరు వాడు తుడుచుకుని, దీపాలు వేసేసరికి ఏమీ ఎరగనట్టు బయటకు నడవడం నేర్చాడు.

ఆ చీకటిని మళ్లీ పోగొట్టిన సినిమా 'బలగం'. 2023 మార్చిలో విడుదలయింది. అంతకు ముందు హాస్యనటుడిగా తెలిసిన వేణు యెల్దండి దర్శకుడు. కొమురయ్య అనే ముసలాయన పోతాడు. పిండం పెడితే కాకి ముట్టదు. ఎందుకు ముట్టదంటే ఇంట్లో కొడుకులకు పడదు, కూతురికి పుట్టింటితో ఏళ్ల తరబడి మాటల్లేవు. తగవు దేనికి? విందులో అల్లుడికి మూలుగ ఎముక వేయలేదని! వినడానికి నవ్వొస్తుంది గాని, మాకవరపాలెం నుంచి నర్సీపట్నం దాకా ఏ ఊళ్లో అడిగినా పెద్ద పెద్ద పగలు ఇంతకంటే పెద్ద కారణాలతో మొదలైనట్టు కనిపించదు. పదకొండో రోజున బుడగజంగాల కళాకారులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు చనిపోయినవాడి తరఫున పాడతారు. ఎవరినీ తిట్టరు. పోయినవాడు ఏం కోరుకున్నాడో చెబుతారు. అక్కడ కొడుకులు ఏడుస్తారు, అల్లుడు ఏడుస్తాడు. మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూశారు.

తెలంగాణ పల్లెల్లో ఆ సినిమాను ఊరి మధ్య తెరకట్టి చూశారు. పట్టాలు పరుచుకుని ముసలీముతకా అంతా కూర్చున్నారు. మాట్లాడుకోవడం మానేసిన అన్నదమ్ములు అది చూశాక కలిసిపోయారన్న వార్తలు పత్రికల్లో వచ్చాయి. ఇలాంటి ఉచిత ప్రదర్శనలపై నిర్మాతల వైపు నుంచి అభ్యంతరం రావడమూ నిజమే, వారి డబ్బు వారిది. కానీ గమనించవలసింది మరొకటి. అదే సినిమా హాల్లో చూసినవారు ఏడ్చి ఇంటికి పోయారు. ఊరి మధ్య చూసినవాడికి, నాలుగు బారల అవతల తాను పలకరించని అన్న కూర్చుని ఉన్నాడు. ఇద్దరూ ఏడుస్తున్నట్టు ఇద్దరికీ కనిపించింది, ఊరికీ కనిపించింది. ఇక బుకాయించడానికి చోటు లేదు.

ఇప్పుడు సినిమా ఫోనులోకి వచ్చింది. మంచం మీద పడుకుని, చెవుల్లో వైర్లు పెట్టుకుని, ఒక్కడే చూసి ఒక్కడే ఏడుస్తాడు. పక్క మంచం మీదివాడికి కూడా తెలియదు. గ్రామదేవత పండగలకు, తీర్థాలకు వేల రూపాయలు పోసి డీజేలు పెడుతున్నారు. చాటుమాటుగా రికార్డింగ్ డ్యాన్సులు కూడా నడుస్తున్నాయి. ఆ ఖర్చులో కొంత తగ్గించి ఒక రాత్రికి తెర కడితే కాదనేవారుండరు. హక్కుదారుల అనుమతి ముందుగా తీసుకోవాలి. అది దొరకకపోతే హరిశ్చంద్ర నాటకం ఉండనే ఉంది, పద్యం పాడగలవారు ఇంకా మిగిలే ఉన్నారు. పెళ్లయి వెళ్లిన ఆడపడుచులను ఆ రాత్రికి పేరుపేరునా పిలవాలి, సంతకాల పని పెట్టకుండా. కుర్చీలు వేస్తే ఎవరి వర్గం వారు ఒక వరుసలో చేరిపోతారు గనుక, కమిటీవారు పట్టాలే పరిపించడం మంచిది.